పసుపు పూసిన సర్కారు రాయి

గోదావరి ఒడ్డున కట్టబోయే మోరినీళ్ల, అంటే మురుగునీటి, ప్లాంటు గుర్తు మీద రమ ఎర్ర రంగు నింపి, పటం మడిచి, తల పట్టుకుని కూర్చున్న చోట గతవారం మనం ఆగాం. ఇప్పుడే కథలోకి వస్తున్నవారి కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాను.

రమ గోదావరిఖనిలో, ఏటి ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఒక గని బస్తీలో పుట్టింది. తండ్రి గనిలో పనిచేసేవాడు. ఆ పిల్లకు మాటలు రాకముందే పోయాడు. ఒక వానకాలం మోరినీళ్లు బోరింగు నీళ్లలో కలిశాయి. బస్తీ అంతా వాంతులతో, విరేచనాలతో మంచం పట్టింది. దవాఖానకు పోయి తిరిగి రానివాళ్లలో రమ తల్లి ఒకతె. చుట్టరికం ఏమీ లేని ఐలవ్వ ఆ పిల్లను చెయ్యి పట్టుకుని తన ఇంటికి తెచ్చుకుంది. సాకింది, హాస్టల్లో వేసి చదివించింది.

చదువు అయ్యాక రమకు సముద్రతీరంలో ఉద్యోగం దొరికింది. సముద్రం కొద్దికొద్దిగా పైకి వస్తోంది. తీరం వెంట ఉన్న పట్టణాల్లో మురుగునీటిని శుభ్రం చేసే ప్లాంట్లున్నాయి. వాటిలో ఏవి మునుగుతాయో, ఏవి మిగులుతాయో కొలిచి పటం మీద గుర్తు పెట్టడం ఆమె పని. నీళ్లు చేరే ప్లాంటుకు ఎర్ర రంగు, చేరని దానికి ఆకుపచ్చ. ఆ పటం పైవాళ్లకు నచ్చింది. పెద్ద నదుల ఒడ్డున ఉన్న ప్లాంట్లకు కూడా అలాంటిదే చేసిపెట్టమన్నారు. అలా రమ కొలకర్ర పట్టుకుని తన ఊరికే వచ్చింది.

ఇక్కడి ప్లాంటు కోసం ఐలవ్వ తిరగని ఆఫీసు లేదు. రమ తల్లి పోయిన ఏడు మొదలుపెట్టిన తిరుగుడు అది. ఇన్నాళ్లకు మంజూరైంది. ఒడ్డున నేల చదును చేసి ముగ్గు కూడా పోశారు. కానీ ఎర్ర రంగు పడిన చోట కట్టరు. ఇక్కడ కాదంటే మళ్లీ ఎక్కడో, ఎప్పుడో ఎవరికీ తెలియదు. పటం ఆ సాయంత్రానికే పై ఆఫీసుకు చేరాలి.

ఆ పొద్దున రమ ఐలవ్వ ఇంటికి వచ్చింది.

ఐలవ్వ పొయ్యి ముందు కూర్చుని సర్వపిండి అద్దుతోంది. గిన్నె అడుగున పిండి పరిచి, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో ఒక్కో నూనెచుక్క వేస్తోంది. రమకు ఇష్టమని చేస్తున్న పని. వాకిట్లో పక్కింటి మల్లక్క చింతపండులో గింజలు తీస్తోంది. గనిలో పనిచేసి రిటైరైన ఆమె అక్క మొగుడు నర్సింగం అరుగు మీద చుట్ట నలుపుకుంటున్నాడు.

"అవ్వా, నీకొకటి చెప్పాలె," అంది రమ.

"తిన్నంక జెప్పు బిడ్డా."

"తిన్నంక చెప్పుడు నాతోని కాదు."

ఐలవ్వ చెయ్యి ఆగింది. రమ గోడకు ఆనుకుని నిలబడి అంతా చెప్పేసింది. ప్లాంటు కట్టే నేల, గోదావరి వరద వచ్చే ఎత్తుకు జానెడు కింద ఉందని కొలతల్లో తేలింది. పటం మీద అది ఎర్రగా పోతుంది. పోతే పని ఆగిపోతుంది.

ముందు మాట్లాడింది మల్లక్క.

"ఏంది పిల్లా, నీకు రంగు పుయ్యటానికి మా బస్తే దొరికిందా? గంత పెద్ద సముద్రముండె. గాడ పూసుకోకపోయినవా."

"గాడ గూడ పూసిన అక్కా."

"పూసుంటవ్ తియ్. గాడోళ్లు నీకు గటక పోసిండ్రా? మా పొయ్యిల మీద ఉడికింది తిని పెరిగినవ్. ఇయ్యాల మా నోట్లనే మట్టి గొడ్తున్నవ్."

"మల్లా, జర ఊకో," అన్నాడు నర్సింగం.

"ఎందుకూకుంట? పోయినేడు గని సమ్మెల గూడ గింత బాధ కాలే నాకు. ఒక్క రంగే గద. చెరిపేసి పచ్చది పుయ్యి. ఎవలకెరుక?"

ఆ మాట నిజం. ఎవరికీ తెలియదు. రాత్రంతా ఆమె మనసులో తిరిగిన మాట కూడా అదే. వీళ్ల చేతి కూడు తినకపోతే తాను ఇవాళ ఉండేదే కాదు. ఇంతమంది రుణం తీర్చుకోవడానికి ఒక రబ్బరు ముక్క చాలు. ఆమె ఐలవ్వ మొహంలోకి చూసింది. ఐలవ్వ "చెరిపెయ్" అంటే చెరిపేసేదే.

ఐలవ్వ గిన్నె దించి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"రంగు సంగతి ఇడిసిపెట్టు. నాకు ఒక్కటి జెప్పు. గోదారి నిండుగ వచ్చిననాడు నీళ్లు ఆ ట్యాంకులల్లకు వస్తయా, రావా?"

"నేను కొలిచినకాడికైతె వస్తయి అవ్వా."

"వస్తె ఏమైతది?"

"ట్యాంకులల్ల ఉన్న మురికంత ఎనక్కి తంతది. పైపులల్లకెళ్లి మళ్ల మన ఇండ్లల్లకే వస్తది."

"మీ అమ్మ పోయిన యేడు లెక్క."

"అంతకన్న ఎక్కువ."

ఐలవ్వ తల ఊపింది. "అయితె ఎర్రగనే ఉండనియ్."

"గదేంది ఐలక్కా," అంది మల్లక్క. "ఇన్నేండ్లు తిరిగి తిరిగి నీ కాళ్లు అరిగిపాయె."

"నేను ప్లాంటు ఎందుకడిగిన మల్లా? దీని తల్లి పోయినట్టు ఇంకో పిల్ల తల్లి పోవద్దనే గద. ఆ ప్లాంటే తల్లులను మింగేదైతె నాకెందుకది? మనం దీన్ని సాదింది అవద్దం ఆడుమని గాదు." తర్వాత రమ వైపు తిరిగింది. "నువ్వు ఫోన్ల జెప్పి తప్పించుకోలే. ఎవలతోనో అనిపియ్యలే. నా ఎదుట నిలవడి జెప్పినవు. గది సాలు నాకు. తిను ఇగ."

రమ తినలేకపోయింది. ముక్క తుంచి చేతిలోనే పట్టుకుంది. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. ఇంత నష్టం తెచ్చినదానికి సర్వపిండి పెట్టి, నిజం చెప్పినందుకు సంతోషపడే మనిషి ముందు ఆమెకు కన్నీళ్లు ఆగలేదు. ఇలాంటి చేతుల్లో పెరిగాను కదా అనుకుంది. మనసులోనే దండం పెట్టుకుంది.

"ఏడ్వకు. ఉప్పు ఎక్కువైతది," అంది మల్లక్క, ఇంకా కోపంగానే. కానీ చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

ఐలవ్వ లేచింది. "పా, పోశమ్మకు ఒక మాట జెప్పొద్దాం. ప్లాంటు వచ్చిననాడు యాటను కోస్తనని మొక్కిన. ఇప్పట్ల రాదని జెప్పకపోతె ఎదురుజూస్తది పాపం."

నలుగురూ బస్తీ మొదటికి నడిచారు.

అక్కడ తొడ ఎత్తు గద్దె మీద ఒక రాయి ఉంది. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టిన రాయి. బస్తీ దాన్ని పోశమ్మగా కొలుస్తుంది. దగ్గరికి పోయి చూస్తే పసుపు కింద ఒక బాణం గుర్తు, కొన్ని అంకెలు కనిపిస్తాయి. ఎప్పుడో సర్కారు కొలతలవాళ్లు పాతిన రాయి అది. దాని తల సముద్రానికి ఎంత ఎత్తులో ఉందో ఆ అంకెలు చెబుతాయి. చుట్టుపక్కల దేని ఎత్తు తెలుసుకోవాలన్నా అలాంటి రాయి నుంచి మొదలుపెట్టి, అక్కడికి ఎంత పల్లమో, ఎంత మిట్టో కొలుచుకుంటూ పోవాలి.

రమ కూడా ఈ రాయి నుంచే కొలిచింది. పది రోజుల కింద ఐలవ్వను అడిగి, అమ్మకు మొక్కి, రాయి తల మీద కొలకర్ర నిలిపింది. ఎత్తు తెలిసిన ఇంకో గుర్తు దగ్గరికి పోయి సరిచూసుకోవాలని పనిలో నేర్పారు. తీరంలో ఆమె ప్రతిసారీ సరిచూసింది. ఇక్కడ మాత్రం చూడలేదు. తాను దండం పెట్టి పెరిగిన రాయి తప్పు చెబుతుందని ఆమెకు తోచలేదు.

ఐలవ్వ రాయి మీద చెంబెడు నీళ్లు పోసి చేతులు జోడించింది.

"అమ్మా, దీన్ని హాస్టల్ల ఏసినంక ఒకయేడు మోరినీళ్లు నీ కాళ్లకు తగులుతుంటె మేం సూడలేకపోతిమి. నిన్ను తవ్వి తీసి, గద్దె గట్టి, మీద కూసోవెడ్తిమి. మమ్ముల గూడ గట్లనే మోరిలకెళ్లి పైకి తియ్యుమని మొక్కితిమి. నువ్వు ఇంకొన్నొద్దులు ఆగుమంటున్నవు. మంచిది, ఆగుతం. ఇన్నేండ్లు పానాలైతె కాపాడినవు. గది మరువం."

రమ చెంబు అందుకోబోయి ఆగిపోయింది.

"అవ్వా, తవ్వి తీసిండ్రా?"

"తియ్యకపోతె ఎట్ల మరి?"

"నేను హాస్టల్‌కు పోయే నాటికి గద్దె లేకుండె. తర్వాత సుట్టూ కట్టిండ్రనుకున్న."

"సుట్టు గడితె నీళ్లు ఇంకుతయి గద," అంది మల్లక్క. "నర్సింగం బావ, ఇంకో నలుగురు గడ్డపారలేసి లేపిండ్రు. బావకు నడుము పట్టింది ఆనాడే. ఇయ్యాల్టిదాంక మా అక్కకు బిందె అందియ్యడు, గా నడుము పేరు జెప్పి."

"బయటికి సగమే కనవడ్తున్నది నీకు," అన్నాడు నర్సింగం. "భూమిల ఇంకా మస్తు ఉండె. గద్దెల గూడ అంతే లోతు దింపినం. తల మాత్రం గద్దె ఎంత లేశిందో గంత పైకి లేశింది."

"కాకా, సర్కారు రాయని తెల్వదా మీకు?"

"తెల్వకేంది. బాణముండె, అంకెలుండె. సర్కారుదే. కని పసుపు వెట్టినంక అమ్మనే గద. సర్కారొచ్చి అడిగితె అప్పజెప్దామనుకున్నం. ఎవలూ రాలే."

రమ గద్దె పక్కన కూర్చుండిపోయింది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో ముగ్గురికీ అర్థం కాలేదు.

"ఏమైంది బిడ్డా," అని ఐలవ్వ భుజం పట్టుకుంది.

"అవ్వా, రాయి పైకి లేశింది. దాని మీద అంకెలు మారలే. మల్లక్కా, నువ్వు పీట మీద నిలవడి సూస్తె పిల్లలు అసలు కన్న పొట్టిగ అగుపిస్తరు. నీ కింద పీట ఉన్నదని మరిచిపోతె, పిల్లలే పొట్టోళ్లనుకుంటవ్. నేను గదే చేసిన. రాయి కింద గద్దె ఉన్నదని తెల్వక ప్లాంటు నేలనే పల్లమనుకున్న."

"అంటె మునగదా?" అంది మల్లక్క.

"ఇప్పుడే చెప్పను అక్కా. ఇంకో గుర్తుకెళ్లి మళ్ల కొలువాలె."

ఆమె తన పై అధికారి ఉమామహేశ్వర్‌కు ఫోన్ చేసింది. ఆయనది మంథని. పటం తీసుకుపోవడానికి ఊళ్లోనే దిగి ఉన్నాడు. రమ జరిగింది దాచకుండా చెప్పింది. రెండో గుర్తు మీద సరిచూడలేదని కూడా చెప్పింది.

"సరిచూసినవా అని నేను అడగాల్సింది. నేను గూడ అడగలేదు," అన్నాడు ఆయన. "వంతెన గోడకు ఒక గుర్తు చెక్కి ఉన్నది. దాన్ని ఎవరూ లేపలేరు. ఎత్తులు కొలిచే దుర్బీను తీసుకుని రా, నేను గూడ వస్తున్న."

ఎండ బాగా ముదిరాక పని మొదలైంది. వంతెన దగ్గరి నుంచి ఒడ్డు వెంట పోదామంటే అంతా సర్కారుతుమ్మ ముళ్లపొదలే. అందుకని బస్తీ కింది వరుస ఇళ్ల ముందు నుంచి కొలుచుకుంటూ పోయారు. మూడు కాళ్ల మీద దుర్బీను నిలిపి రమ చూస్తుంది. ముందు ఒకచోట, వెనక ఒకచోట కొలకర్ర నిటారుగా పట్టుకోవాలి. నర్సింగం తానే పడతానన్నాడు. నడుము సంగతి ఎవరూ ఎత్తలేదు, మల్లక్క తప్ప.

"ఇయ్యాల నడుము మంచిగున్నది బావకు. సర్కారు పని గద."

దుర్బీనుకు ఎండ తగలకూడదని ఉమామహేశ్వర్ గొడుగు తెరిచాడు. ఆయన చేతిలోంచి మల్లక్క దాన్ని లాక్కుంది.

"మీరు రాసుకోండ్రి సారూ, నేను వడ్త. మనుషులు మాడిపోయిన సరే గని మిషినుకు గొడుగుండాలె. మా గనిల గూడ గిదే కత."

ఇంటింటి నుంచీ ఎవరో ఒకరు వచ్చారు. ఒకరు మజ్జిగ తెచ్చారు. ఒకరు దారిలో కట్టేసిన మేకలను విప్పి తీసుకుపోయారు. దుర్బీనుకు అడ్డం వచ్చిన దండెం మీది బట్టలను చెప్పకుండానే తీసేశారు. పొద్దున ప్లాంటు పోయిందన్న మాట అందరికీ తెలిసే ఉంది. ఒక్కరూ రమను మాట అనలేదు. ఐలవ్వ మాత్రం దుర్బీను దగ్గరికి రాలేదు. చదును చేసిన నేల పక్కన, ముగ్గు గీతకు అవతల కూర్చుని గోదావరి వైపు చూస్తోంది.

ప్లాంటు నేల మీద కొలకర్ర నిలిపారు. మళ్లీ వెనక్కి వంతెన దాకా కొలుచుకుంటూ పోయి సరిచూశారు. రెండుసార్లూ లెక్క ఒక్కటే వచ్చింది. ఉమామహేశ్వర్ కాగితం రమకు ఇచ్చి, "నువ్వే చెప్పు," అన్నాడు.

రమ నడిచి వచ్చి ఐలవ్వ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అవ్వా, నీళ్లు రావు. వరద వచ్చే ఎత్తుకు మూరెడు పైన ఉన్నది నేల. పచ్చ రంగే."

ఐలవ్వ రమ రెండు చేతులూ పట్టుకుని, తన కళ్లకు అద్దుకుంది. కాసేపటికి లేచి ఉమామహేశ్వర్ దగ్గరికి పోయి దండం పెట్టింది.

"సారూ, మీ కడుపు సల్లగుండ. పనిగట్టుకొని ఎండల తిరిగిండ్రు."

"నాకెందుకవ్వా దండం," అన్నాడాయన ఇబ్బందిగా. "పొద్దున నువ్వు రంగు చెరిపెయ్యిమంటే ఈ పిల్ల చెరిపేసేదంట. అప్పుడు రాయి సంగతి మాకు ఎన్నటికీ తెలియకపోవు. పచ్చ రంగున్నా దాన్ని పూసిన ఈ పిల్లే నమ్మకపోవు. నేనే నీకు దండం పెట్టాలె."

మల్లక్క గొడుగు మడుస్తూ రమ పక్కకు చేరింది. "పిల్లా, పొద్దుగాల అన్నయి మనసుల వెట్టుకోకు."

"పెట్టుకుంట అక్కా. గటక పోసిన మాట నిజమే గద."

"మరి పెట్టుకో. రేపు పొద్దుగాల గూడ రా, పోస్త."

ఉమామహేశ్వర్ పటం మీద సంతకం పెట్టేలోపు ఐలవ్వ ఇంటి ముందు బస్తీ సగం చేరింది. ఎవరో బెల్లం పంచారు. రమ అరుగు మీద కూర్చుని, దారిలో కొలకర్ర నిలిపిన చోట్ల ఎత్తులన్నీ పటంలోకి ఎక్కిస్తోంది. ప్లాంటుకు అవి అక్కరలేదు. కానీ చేసిన కొలత వదిలెయ్యకూడదని ఆమెకు అలవాటు. రోడ్డు ఎత్తు సర్కారు పాత పటంలో ఉన్నదానితో కలిసింది. బోరింగు గద్దె ఎత్తు కలిసింది. తర్వాతిది ఐలవ్వ గడప. నర్సింగం ఒకసారి దాని మీదే కొలకర్ర నిలిపాడు.

అది కలవలేదు.

రమ లెక్క మళ్లీ చేసింది. పక్కింటి గడప చూసింది. దాని పక్కది చూసింది. కింది వరుస ఇళ్లన్నీ పాత పటంలో ఉన్నదానికంటే కిందికి ఉన్నాయి. మధ్యలో ఉన్న ఐలవ్వ ఇల్లు అన్నిటికంటే ఎక్కువ దిగింది. వంతెన నుంచి కొలిచిన కొలత ఇది. రెండుసార్లు సరిచూసిన కొలత. ఈసారి తప్పు రాయిది కాదు.

ఆమె కాగితం ఉమామహేశ్వర్ ముందుకు జరిపింది. ఆయన చూశాడు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"సముద్రం కాడ నీళ్లు పైకి వస్తయి," అన్నాడు మెల్లగా. "ఇక్కడ నేల కిందికి పోతున్నది." ఇంటి వెనక్కి పోతున్న నర్సింగాన్ని పిలిచాడు. "కాకా, ఈ ఇండ్ల కింద బొగ్గు తీసిండ్రా?"

"తియ్యకేంది సారూ. నేనే తీసిన, నా పడుచుతనంల. తీసినకాడల్ల గోదారి ఇసుక నింపినం."

"అంతా నిండిందా?"

"మా కండ్లకు అగుపించినంత నిండింది. లోపలిది మాకేం ఎరుక," అని చెప్పి నర్సింగం సందులోకి మళ్లాడు.

ఇంట్లోంచి ఐలవ్వ వచ్చింది. ఆమె మొహం వెలుగుతోంది. ఇన్నేళ్లలో రమ ఆమెను అలా చూడలేదు.

"బిడ్డా, నీకు జెప్పలే గద. పెరట్ల నీకొక అర్ర ఏస్తున్న. ఊరికొచ్చినప్పుడల్ల లాడ్జిల ఉంటున్నవు, నాకు మనసున వడ్తలేదు. ప్లాంటు ఖాయమైతె ఏద్దామని ఆగిన. ఇయ్యాల మంచి దినమంటున్నరు. నర్సింగం ముగ్గు గూడ పోసిండు. నువ్వొచ్చి ఒక్క పువ్వు ఎయ్యి."

"ఎక్కడవ్వా?"

"ఇంటిని ఆనుకునే. ఈ నడిమిట్లనే."

పెరట్లోంచి ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి. పసుపు రాసిన గడ్డపారను ఎవరో నర్సింగానికి అందించారు. నడుము జాగ్రత్త అని మల్లక్క అంటోంది. కొబ్బరికాయ కొట్టిన చప్పుడైంది.

అన్నిటికంటే ఎక్కువ కుంగిన చోటు అదే, కింద ఎంత ఖాళీ మిగిలిందో ఎవరికీ తెలియదు. రమ కాగితాలు వదిలేసి, ఐలవ్వను దాటుకుని, సందులోంచి పరుగెత్తింది.

"కాకా, ఆగు. గడ్డపార దించకు."